మా బాపు చేతిరాత

ఆదివారం పేపర్ రాగానే ఎవరు ఏ పేజీ ముందు తీస్తారో గానీ, నేను మాత్రం ‘నగరంలో నేడు’ వెతుక్కుంటాను. ఎక్కడ పుస్తకావిష్కరణ, ఎక్కడ ఉపన్యాసం, ఎక్కడ హరికథ... అన్నింటికీ పెన్నుతో టిక్కులు పెడతాను. అన్నింటికీ వెళ్తానా అంటే, లేదు. మోకాళ్లు ఒప్పుకోవు. కానీ మొన్న వేసవిలో పెట్టిన ఒక టిక్కు నన్ను వదల్లేదు. నేను ఇష్టంగా చదివే ఒక కథా రచయిత ప్రసంగం. అదీ మా హబ్సిగూడకు పక్కనే, యూనివర్సిటీ క్యాంపస్‌లో. సాయంత్రం ఐదు గంటలకు.

“అమ్మమ్మా, నేనూ వస్తా” అంది మా మనవరాలు.

పుణెలో పుట్టి పెరిగిన పిల్ల. తొమ్మిదో తరగతి. సెలవులకు వచ్చింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, చదవడం మాత్రం రాదు. ఉన్నట్టుండి సాహిత్యం మీద అంత ప్రేమ ఎక్కణ్నుంచి వచ్చిందా అని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఆ రోజు ఇంట్లో నెట్ పనిచేయడం లేదు!

ఆటో ఎక్కాం. తలమీద మెట్రో రైలు, పక్కన మేము. “హబ్సిగూడ అంటే ఏంటి అమ్మమ్మా?” అని మొదలుపెట్టింది. హబ్షీలంటే ఆఫ్రికాలోని అబిసీనియా నుంచి వచ్చినవాళ్లు, నిజాం కొలువులో పనిచేసిన ఆ హబ్షీల పేరు మీదే ఈ ఊరని చెబుతారు అన్నాను. “మరి తార్నాక?” తార్ అంటే తీగ, నాకా అంటే కావలి చౌకీ. ఒకప్పుడు ఇక్కడి తోటల చుట్టూ తీగ కంచె, కాపలా ఉండేవట అని చెప్పాను. “అయితే రెండూ తెలుగు పేర్లు కావన్నమాట” అంది. నిజమే! ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా, నాకెప్పుడూ ఆ ఆలోచనే రాలేదు.

ఆర్ట్స్ కాలేజీ ముందు కాసేపు ఆగాం. సాయంకాలపు ఎండలో ఆ గులాబీరంగు రాతి గోడల్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన నమూనా. 1939లో ప్రారంభమైంది. చెట్ల కింద పోటీ పరీక్షల పిల్లలు జిరాక్స్ కాగితాలు ఒళ్లో పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకుంటున్నారు. మా పిల్ల అడిగిందని, ఈ యూనివర్సిటీ కథ కూడా చెప్పాను. 1918లో మొదలైనప్పుడు ఇక్కడ చదువంతా ఉర్దూలోనే. అందుకోసం ఏడాది ముందే అనువాద శాఖ పెట్టి, పైచదువుల పుస్తకాలన్నీ ఉర్దూలోకి తిప్పించారు. 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. 1958లో ఇంగ్లీషు నేర్పడానికే ఇదే ప్రాంగణంలో ఒక కేంద్ర సంస్థ వచ్చింది. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నది దాన్నే.

“మరి తెలుగువాళ్లు ఉర్దూలో ఎలా చదివారు?” అంది.

“మీ ముత్తాత చదివాడుగా! ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ” అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

ఐదింటి సభ ఎప్పుడు మొదలైందో మీకు నేను చెప్పాలా? ఆరు దాటింది. వేదిక మీద ఎనిమిది మంది. మైకు కుయ్‌మని అరిచింది. ఒకాయన వచ్చి దాన్ని రెండు దెబ్బలు వేశాక దారికొచ్చింది. అధ్యక్షులవారు ‘రెండు ముక్కలు’ అని చెప్పి ఇరవై నిమిషాలు మాట్లాడారు. శాలువాలు, పూలగుచ్ఛాలు, ఫొటోలు... మా పిల్ల నా చెవిలో, “అసలు రైటర్ ఎవరు అమ్మమ్మా?” అని అడిగింది. చివరి కుర్చీలో ఒదిగి కూర్చున్న సన్నటి మనిషిని చూపించాను.

ఆయన మైకు ముందుకొచ్చి మొదట అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. “మీలో ఎంతమంది ఇళ్లలో తాత ముత్తాతలు రాసిన కాగితాలున్నాయి?”

చాలా చేతులు లేచాయి. నాదీ లేచింది.

“వాటిని చదవగలిగినవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచండి.”

సగం చేతులు దిగిపోయాయి. నా చెయ్యీ దిగింది. మా పిల్ల నా వంక చూసింది.

ఆ తర్వాత ఆయన చాలా మంచి విషయాలు చెప్పారు. తన కథల్లో వాళ్ల ఊరి మాట ఎందుకు వాడతారో చెప్పారు. ఒక కథ చదివి నవ్వించారు కూడా. ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన లేచి పది నిమిషాలు మాట్లాడి, “ఇది ప్రశ్న కాదు, నా అభిప్రాయం” అని కూర్చున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా మనసు మాత్రం దిగిన చెయ్యి దగ్గరే ఆగిపోయింది.

బయట సమోసా, చాయ్. పుస్తకం కొని మనవరాలి చేతికిచ్చాను. ఆయన దగ్గరికెళ్లి సంతకం పెట్టించుకుంది. ఆయన సంతకంతో ఆగకుండా రెండు వాక్యాలు రాశారు. చదివి చెబుతానంటే పుస్తకం వెనక్కి దాచుకుంది. “వద్దు. నేనే చదువుతా” అంది.

ఇంటికి రాగానే పట్టు పట్టింది, “ముత్తాత కాగితాలు చూపించు” అని.

అటక మీద ఇనప పెట్టె ఉంది. అందులో బాపు హిసాబు పుస్తకం ఉంది. మా బాపు భువనగిరి తహసీల్ కచేరీలో గుమాస్తా. 1998లో పోయాడు. మా అమ్మ చీరలతోపాటు ఆ పుస్తకాన్నీ తెచ్చుకున్నాను గానీ, నాకు అందులో తేదీల అంకెలు తప్ప ఒక్క అక్షరం తెలియదు. అన్నీ కుడి నుంచి ఎడమకు పరుగెత్తే గీతలు.

మర్నాడు ఇద్దరం తార్నాకలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. నాకు చాలాకాలంగా పరిచయం. కళ్లకున్న భూతద్దం తీయకుండానే పుస్తకం తిప్పాడు. “ఇది కచేరీవాళ్ల రాత అమ్మా. శికస్తా అంటారు. తొందర తొందరగా రాసేది. ఇప్పటి పిల్లలకు ఇది చదవరాదు” అన్నాడు. తర్వాత మెల్లగా చదవడం మొదలుపెట్టాడు. పాలు. గాసునూనె. అమ్మకు మందులు. ఎద్దుల బండి కిరాయి. నాకు గౌను గుడ్డ. మా పిల్లకు నవ్వొస్తోంది. నాకూ వచ్చింది.

1966 జూన్ దగ్గర ఆయన వేలు ఆగింది.

“పెద్దబాలశిక్ష, దో అదద్. ఏక్ బేటీకే వాస్తే, ఏక్ అప్నే వాస్తే.”

రెండు బాలశిక్షలు. ఒకటి బిడ్డకు, ఒకటి తనకు!

నన్ను బళ్లో వేసిన ఏడాది అది. తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చిన ఏడాది కూడా. అప్పటికే కచేరీలో బాపు చదివిన చదువుకు విలువ తగ్గిపోతోంది. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఆరేళ్ల నాతోపాటు అఆలు దిద్దుకున్నాడన్నమాట! ఎప్పుడు దిద్దుకున్నాడో, నేను పడుకున్నాకేనేమో. ఆ రెండో పుస్తకం నా కంట ఎన్నడూ పడలేదు. రోజూ పొద్దున నాతో పేపరు పైకి చదివించేవాడు. “ఇంకోసారి సదువు బిడ్డా, నిమ్మళంగ సదువు” అనేవాడు. నాకు చదువు రావాలని అలా చేస్తున్నాడనుకున్నాను ఇన్నేళ్లూ!

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆరో తరగతిలో నా ప్రోగ్రెస్ కార్డు మీద బాపు ఉర్దూలో సంతకం పెట్టాడు. క్లాసులో పిల్లలు నవ్వారు. నేను ఇంటికొచ్చి ఏడ్చి, “అందరి నాన్నల్లాగా తెలుగులో పెట్టు” అన్నాను. మూడు నెలల తర్వాత తెలుగులోనే పెట్టాడు. వంకర టింకరగా, ఒక్కో అక్షరం ఒక్కో దిక్కుకు. ఈసారి నవ్వింది క్లాసు పిల్లలు కాదు, నేను. పడీ పడీ నవ్వాను. బాపు కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత నా ముందు ఆయన తెలుగులో ఒక్క ముక్క రాయగా నేను చూడలేదు. ఎవరికి ఉత్తరం రాయాలన్నా నన్ను పిలిచేవాడు. “నీ రాత ముత్యాల లెక్క ఉంటది బిడ్డా” అనేవాడు.

పెళ్లయి వెళ్లాక బాపు నుంచి నాకు ఒక్క ఉత్తరం రాలేదు. తోడికోడళ్లకు పుట్టింటి నుంచి ఇన్లాండు కవర్లు వస్తుంటే నాకు ఎంత ఉక్రోషమో! బాపు నెలకోసారి బస్సెక్కి వచ్చేవాడు. సీతాఫలాలో, సకినాలో సంచిలో తెచ్చి, గంట కూర్చుని వెళ్లిపోయేవాడు. “ఒక కార్డు ముక్క రాయొచ్చు కదా” అని చాలాసార్లు దెప్పాను. నవ్వి ఊరుకునేవాడు.

గడియారాల షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఏడుస్తుంటే, ఆ పెద్దాయన కంగారుపడి చాయ్ తెప్పించాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. “మా నాన్న రాత కూడా ఇట్లనే ఉండేది అమ్మా. మా మనవడికి చదవరాదు” అన్నాడు.

ఆ సాయంత్రమే మా పిల్ల, “అ ఎలా రాస్తారు?” అంటూ వచ్చి కూర్చుంది. సెలవులు అయిపోయేలోగా గుణింతాల దాకా వచ్చాం. ఒత్తుల దగ్గర బాగా విసుక్కుంది. రచయిత రాసిన రెండు వాక్యాల్లో మొదటిది కూడబలుక్కుని చదివింది. రెండోది పుణె వెళ్లి చదువుతానంది. ఏం రాశారో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

పోయిన నెల పోస్టులో ఒక కవరు వచ్చింది. ఈ రోజుల్లో మనకు పోస్టులో ఏమొస్తాయి? బ్యాంకు కాగితాలు తప్ప! విప్పితే, గీతల నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం. నాలుగే నాలుగు లైన్లు. ‘అమ్మమ్మ’లో మ వత్తు ఎటో వెళ్లిపోయింది. ‘ఎలా ఉన్నావు’లో దీర్ఘం మాయమైంది. అక్షరాలన్నీ వంకర టింకరగా, ఒక్కోటి ఒక్కో దిక్కుకు.

ఈసారి నేను నవ్వలేదు. ఇనప పెట్టె తెరిచి, బాపు హిసాబు పుస్తకంలో, 1966 జూన్ పేజీ దగ్గర పెట్టాను. జవాబు మాత్రం ఆ రాత్రే రాశాను, పెద్ద పెద్ద అక్షరాలతో.