మా హిసాబ్ ఎవరిస్తారు?

మా ఓటు ఎటు పడుతుందో మాకంటే ముందు ఊరందరికీ తెలుసు. ఎన్నికలొస్తే చాలు, టీ బంకు దగ్గర కూర్చున్న ప్రతివాడూ వేళ్ళు మడిచి లెక్క చెప్పేస్తాడు. రెడ్లు ఇంత, బలిజలు ఇంత, మాదిగలు ఇంత, సాయిబులు ఇంత. మిగతావాళ్ళ ఓట్లు రెండుగా చీలితే అది రాజకీయం. మా ఓట్లు ఒకవైపు పడితే ఓటు బ్యాంకు, రెండువైపులా పడితే అమ్ముడుపోవడం. నీకేం కావాలప్పా అని మాత్రం ఒక్కడూ అడగడు.

మాది నంద్యాల. మా అబ్బాకు చిన్న కిరాణా అంగడి ఉండేది. ఖాతా పుస్తకంలో పద్దులన్నీ తెలుగులోనే రాసేవాడు. రాత్రి అంగడి మూసేముందు పైసాతో సహా సరిచూసుకునేవాడు. "ఈడ సరిచూసుకోకపోతే రేపు ఆడ హిసాబ్ ఇయ్యాల్సొస్తాదిరా" అని పైకి చూపించేవాడు. హిసాబ్ అంటే మా ఇంట్లో రెండర్థాలు. ఒకటి అంగడి లెక్క. రెండోది ఖయామత్ రోజున అల్లా ముందు నిలబడి చెప్పుకోవాల్సిన లెక్క. బతికుండగానే మాకు ఇంకొకరు చెప్పాల్సిన లెక్క కూడా ఒకటుందని నాకు ఓటొచ్చాకే తెలిసింది. అది చెప్పాల్సినవాళ్ళు మమ్మల్ని లెక్కపెడతారు గాని, మాకు లెక్క చెప్పరు.

1991 నవంబర్‌లో మా నంద్యాలకు ఉప ఎన్నిక వచ్చింది. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీయే పెట్టలేదు. ఐదు లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. తెలుగువాళ్ళుగా మేమూ మురిసిపోయాం. ఏడాది తిరిగింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును పట్టపగలు కూల్చేశారు. లక్నోలో ఉన్నది బీజేపీ ప్రభుత్వం. ఢిల్లీలో ఉన్నది మేం గెలిపించిన ప్రధాని. మసీదు మళ్ళీ కట్టిస్తామన్నారు. విచారణకు లిబర్హాన్ కమిషన్ వేశారు. మూడు నెలల్లో ఇవ్వాల్సిన నివేదికకు 48 సార్లు గడువు పెంచారు. చివరికి 2009లో ఇచ్చారు. పి.వి. 2004లోనే పోయారు. 2020లో లక్నో ప్రత్యేక కోర్టు నిందితులు 32 మందినీ నిర్దోషులని వదిలేసింది. అంటే కూల్చినవాడెవడూ లేడు, కాపాడలేకపోయినందుకు జవాబు చెప్పినవాడూ లేడు. 1996లో ఆయన మళ్ళీ మా ఊళ్ళోనే నిలబడ్డారు. ఒడిశాలోని బరంపురంలోనూ నిలబడ్డారు. రెండుచోట్లా గెలిచి, మా ఊరిని వదిలేశారు. మా ఓటర్లకు ఒక్క సంజాయిషీ కూడా దక్కలేదు.

ఇదంతా ఢిల్లీ సంగతి అనుకోకండి. మా వీధి సంగతి చెప్తాను. మా మురికి కాలువ మీద బండలు లేవు. వానొస్తే ఆ నీళ్ళు ఇళ్ళలోకొస్తాయి. ఒకసారి పదిమందిమి కలిసి అప్పటి నాయకుడొకాయన ఇంటికి పోయాం. మర్యాదగానే కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. అంతా విని, "నిజమే సాయిబూ, కాని ఇప్పుడు మీరు గొడవ చేస్తే లాభమెవరికి? ఆ పార్టీవాళ్ళొస్తే మీ గతేమి?" అన్నాడు. మేం కాలువ గురించి పోయాం. ఆయన మా ప్రాణాల గురించి మాట్లాడాడు. ఇంకేమడుగుతాం? టీ తాగి లేచొచ్చాం.

ఇదీ అసలు కిటుకు. ఒక పార్టీ మమ్మల్ని చూపించి మీకు భయం పెడుతుంది. ఇంకో పార్టీ ఆ పార్టీని చూపించి మాకు భయం పెడుతుంది. భయపడినవాడు కాపలా అడుగుతాడు, లెక్క అడగడు. బడి లేదని, రోడ్డు లేదని, లోను రాలేదని అడగబోతే 'ముందు ప్రాణం చూసుకో' అంటారు. ఐదేళ్ళయిపోతాయి. బతికున్నారు కదా, అదే మేం చేసిన మేలు అని మళ్ళీ ఓటడుగుతారు.

మేలు జరగలేదని నేననను. 2007లో చట్టం తెచ్చి ముస్లింలలో వెనకబడినవాళ్ళకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చారు. హైకోర్టు కొట్టేస్తే, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. దాంతో మా పిల్లలు కొందరు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. కాని ప్రతి ఎన్నికకూ దాన్ని మా మీద అప్పు పద్దుగా చదువుతారు. ఎన్నిసార్లు ఓటేసినా తీరని బాకీ అది. పక్కన తెలంగాణలో 2014 ఎన్నికలప్పుడు టీఆర్ఎస్ 12 శాతం ఇస్తానంది. 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీలో బిల్లు పాస్ చేసి ఢిల్లీకి పంపింది. బిల్లు అక్కడే ఆగిపోయింది. 2023లో ఆ పార్టీ అధికారమూ పోయింది. చేసింది బాకీగా మోపేవాళ్ళు, చెయ్యలేనిదానికి జవాబు మాత్రం చెప్పరు.

2019 డిసెంబర్ సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. పౌరసత్వ సవరణ బిల్లు పార్లమెంటుకొచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ళకు దారి చూపి, ముస్లింలను మాత్రం వదిలేసిన బిల్లు అది. దాని వెనకే ఎన్నార్సీ వస్తుందన్నారు. మా అమ్మీ ట్రంకు పెట్టె దించి కాగితాలు పరిచింది. రేషన్ కార్డులో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకొకటి, ఆధార్‌లో వేరొకటి. పుట్టిన తేదీ ఆమెకే తెలీదు. పీర్ల పండగ అయిన వారానికి పుట్టిందట, ఏ సంవత్సరమో చెప్పేవాళ్ళు పోయారు. "నేను ఈ ఊరిదాన్నేనని ఎవరు చెప్తారు బేటా?" అంది. మా రాష్ట్రంలో జెండా కట్టెలతో కొట్టుకునే రెండు పార్టీలు, వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం, ఆ బిల్లుకు కలిసికట్టుగా ఓటేశాయి. అదే నెలలో ముఖ్యమంత్రి కడపకొచ్చి ఎన్నార్సీని ఒప్పుకోమన్నారు. ఒప్పుకోనివాళ్ళు ఆ బిల్లుకెందుకు ఓటేశారు? మా ఊళ్ళో ఏ పార్టీవాణ్ణి అడిగినా ఎదుటి పార్టీ తప్పు చెప్పాడు. తన తప్పు సంగతి మాట్లాడలేదు.

తెలుగుదేశం 1999లో బీజేపీతో కలిసి ఎన్నికలకెళ్ళింది. 2004లో ఓడాక దూరం జరిగింది. 2014లో కలిసింది, 2018లో విడిపోయింది, 2024లో మళ్ళీ కలిసింది. కలిసేటప్పుడూ, విడిపోయేటప్పుడూ మమ్మల్ని అడిగిన పాపాన పోలేదు.

మా పెద్దమనుషులూ తక్కువ తినలేదు. ఇఫ్తార్ విందులో నాయకుడి నెత్తిన టోపీ పెట్టి, పక్కన నిలబడి ఫొటో దిగి, ఖౌమ్ అంతా మీ వెంటే అని మాటిచ్చేస్తారు. ఆ మాట ఇమ్మని వాళ్ళకెవరు చెప్పారు? దూదేకులవాళ్ళనడిగారా? బండ్ల మీద పండ్లమ్ముకునేవాళ్ళనడిగారా? మా ఆడవాళ్ళనడిగారా?

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. మా మీద దాడి జరిగినప్పుడు మీరు పక్కన నిలబడ్డారు, మరిచిపోం. కాని మీరు మెచ్చిన పార్టీని మేం నిలదీసినప్పుడు 'ఇది సమయం కాదు' అంటారు. 1992 నుంచి చూస్తున్నాం, ఆ సమయమెప్పుడూ రాలేదు. మేం నిలదీస్తే మతతత్వానికి బలం రాదు. నిలదీసేవాడు లేకపోబట్టే ఆ పార్టీలు బీజేపీ ముందు అంత సులువుగా వంగిపోయాయి.

కాబట్టి ఈసారి మా వీధికొచ్చేవాళ్ళకు ముందే చెప్తున్నాను. టోపీలొద్దు, విందులొద్దు, ఎదుటివాడి భయమొద్దు. పార్లమెంటులో, అసెంబ్లీలో ఏ బిల్లుకు ఎటు ఓటేశారో, ఎందుకేశారో చెప్పండి. ఇచ్చిన మాటల్లో ఏది ఎక్కడ ఆగిందో చెప్పండి. మా కాలువ మీద బండలెప్పుడేస్తారో చెప్పండి. మా భయం సంగతి మేం చూసుకుంటాం.