కొల్హాపురపు గోదా

కొల్హాపురమునకు పోవువారు మహాలక్ష్మీ దర్శనము చేసికొని మరలివత్తురు. మా పిల్లవాడు కుస్తీ నేర్చెదనని పట్టుపట్టియుండుటచే మేము ఖాస్‌బాగు మైదానమును గూడ చూచితిమి. శాహూ మహారాజు కట్టించిన యీ రంగస్థలము 1912లో పూర్తియైనది. నడుమ ఎఱ్ఱమట్టి గోదా. చుట్టును జనులు కూర్చుండు మెట్లు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సునందు కాంస్యపతకము గెలిచిన ఖాశాబా జాధవుగారు ఈ యూర సాధన చేసినవారే.

ఇచ్చటి తాలీములలో మట్టికి నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా త్రవ్వుదురు. చూడ ముచ్చటయే, కాని బిడ్డను చేర్చు తల్లి యెఱుగవలసినవి కొన్ని గలవు. గోదానుండి వచ్చినతోడనే స్నానము చేయింపవలెను. ఒకరి తువాలు వేఱొకరు వాడరాదు. తామర ఒంటినుండి ఒంటికి అంటును. చెవి వాచి నెత్తురు చేరినచో వెంటనే వైద్యునికి చూపవలెను. ఉపేక్షించిన గట్టిపడి వికారమగును. తలకు దెబ్బ తగిలినచో వైద్యుడు సరేయనువఱకు గోదాలో దింపరాదు.

అన్నిటికంటె ముఖ్యము తూనిక. బరువునుబట్టి జోడు కుదుర్తురు గనుక, తక్కువ తరగతిలో చేరుటకై అన్నము, నీరు మాని, చెమటలు పట్టించుకొను దురభ్యాసము గలదు. 1997లో అమెరికాలో మువ్వురు కళాశాలా విద్యార్థులు ఇట్లు చేసియే ప్రాణములు కోల్పోయిరి. ఎదుగు బిడ్డకు పస్తు తగదు.

సోదరీమణులారా! చేర్చుటకు ముందే వస్తాదుగారిని అడుగుడు: “మా బిడ్డను ఉన్న బరువుననే ఆడింతురా?” ఔనన్నచో నిశ్చింతగా పంపుడు. కాదన్నచో వేఱొక తాలీము వెదకుడు.