కొండనాలుక చెప్పని కబురు

మోవాకు వచ్చి ఏడాది దాటినా మా ఇంట్లో రెండు అట్టపెట్టెలు విప్పనే లేదు. బదిలీల ఇళ్ళలో ఇది మామూలే. మీ ఇంట్లోనూ మంచం కింద ఒకటో రెండో ఉండే ఉంటాయి. మా పెట్టెల్లో ఒకదాన్ని అమ్మ ఆపరేషన్ విప్పించింది.

అమ్మకు పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. ఆపరేషన్ ముందురోజు మత్తు డాక్టరుగారు వచ్చి నోరు బాగా తెరిచి నాలుక బయటపెట్టమని హిందీలో చెప్పారు. అమ్మకు హిందీ రాదు. మేము తెలుగులో చెబితే, "కడుపులో రాళ్ళకు నాలుకతో పనేమిటర్రా?" అంది.

డాక్టరుగారు ఓపిగ్గా వివరించారు. పూర్తి మత్తులో కండరాలు సడలిపోతాయి, మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి ఊపిరి అందించాలి. కొందరికి ఆ దారి సులువుగా దొరకదు. ఆలస్యమైతే నిమిషాల్లో ప్రాణానికే ముప్పు. అందుకని ముందే అంచనా వేస్తారు. నాలుక చాపినప్పుడు కొండనాలుక బాగా కనిపిస్తే దారి సులువని, కనిపించకపోతే కష్టం కావచ్చని గుర్తు. దాని పేరు మల్లంపాటి పరీక్ష.

అమ్మ లేచి కూర్చుంది. "మల్లంపాటి వారా? అయితే మనవాళ్ళే!"

అమ్మ కొండనాలుక చక్కగానే కనిపించింది. అయినా డాక్టరుగారు, "ఇంతకుముందు ఆపరేషన్ ఏమైనా జరిగిందా?" అని అడిగారు. జరిగింది. నాలుగేళ్ళ కిందట, మేము ఝాన్సీలో ఉండగా. కాగితాలు ఎక్కడున్నాయో గుర్తులేదు. ఆ రాత్రి పెట్టె విప్పితే ఇత్తడి గిన్నెల కింద ఫైలు దొరికింది. అందులో ఒక వాక్యం ఉంది: గొట్టం వేయడం కష్టమైంది, మూడోసారికి వెళ్ళింది. నాలుగేళ్ళుగా మా దగ్గరే ఉన్నా మేము ఒక్కసారీ చదవలేదు.

మర్నాడు డాక్టరుగారు చివర చిన్న కెమెరా ఉన్న పరికరం సిద్ధంగా పెట్టుకున్నారు. అంతా క్షేమంగా జరిగింది. తెలివి వచ్చాక అమ్మ, "మల్లంపాటి వారి పరీక్ష పాసయ్యానా?" అని అడిగింది. పాసే, చిక్కంతా అక్కడే ఉందన్నాం.

తర్వాత ఆ పేరు గురించి చదివాం. మల్లంపాటి శేషగిరిరావుగారు గుంటూరు జిల్లావారు. అమెరికాలో, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో మత్తు వైద్యులుగా పనిచేశారు. 1985లో 210 మంది రోగులను పరిశీలించి ఈ పద్ధతిని ప్రకటించారు. యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు. అందుకే అది ప్రపంచమంతా వ్యాపించింది. కానీ ఏ అంచనా అయినా తప్పవచ్చు. డెన్మార్క్‌లో సుమారు 1,88,000 మంది రికార్డులు పరిశీలించి 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం, గొట్టం వేయడం కష్టమైన ప్రతి వంద మందిలో 93 మంది విషయం ముందుగా ఎవరూ ఊహించలేదు.

అందుకే ఇప్పుడు కృత్రిమ మేధకు ఈ పని నేర్పుతున్నారు. 2021లో జపాన్ పరిశోధకులు రోగుల ముఖాలను రకరకాల కోణాల్లో ఫోటోలు తీసి కంప్యూటరుకు చూపించారు. ఎవరికి కష్టమైందో, ఎవరికి కాలేదో చెబితే, ముఖాల్లోని తేడాను అదే పట్టుకోవాలి. అంటే ఆ యంత్రానికి కూడా గురువు పాత రికార్డే. జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు రాసి ఉంచకపోతే అది నేర్చుకునేదేమీ లేదు.

పిల్లలూ, పుట్టినప్పటినుంచీ ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళకు తమను ఎరిగిన డాక్టరు ఉంటారు. మనకు ప్రతి ఊళ్ళోనూ కొత్త డాక్టరే. టీసీ, మార్కుల జాబితా జాగ్రత్తగా మోసుకొస్తాం కదా, వాటితో పాటు ఇంట్లో ఒక్కొక్కరికి ఒక కాగితం పెట్టుకోండి. ఏ ఆపరేషన్ జరిగింది, ఏ మందు పడలేదు, మత్తు ఇచ్చినప్పుడు ఏమైంది అని అమ్మానాన్నలను అడిగి మీరే రాయండి.

మా రెండో పెట్టె ఇంకా విప్పలేదు. కానీ ఈసారి బదిలీ ఆర్డరు వస్తే అమ్మ ఫైలు మాత్రం లారీ ఎక్కదు. మా చేతిసంచిలోనే వస్తుంది.