మదనపల్లె మండీలో నా ఎక్సెల్ షీట్

బెంగళూరులో ఉండే మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి మదనపల్లె అంటే హార్సిలీ హిల్స్‌కి దారి. చింతామణి మీదుగా మూడు గంటల డ్రైవ్, కొండ మీద నాలుగు ఫొటోలు, సోమవారం మళ్లీ లాగిన్. 1919లో ఠాగూర్ జనగణమనని ఇంగ్లిష్‌లోకి అనువదించింది ఈ ఊళ్లోనే అని ఫ్రెండ్స్‌కి గొప్పగా చెప్పేవాణ్ని. 2023 సెప్టెంబర్ చివర్లో మాత్రం కొండెక్కలేదు. మామతో టమోటా మండీకి వెళ్లాను. ఎందుకంటే ఆ పంట వేయించింది నేనే.

ఆ జూలై గుర్తుందిగా? టమోటా మీద మీమ్సే మీమ్స్. నెల చివరికి ఈ మార్కెట్‌లోనే కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. కేంద్రం మన రాష్ట్రం నుంచి కూడా కొనిపించి ఢిల్లీలో తక్కువ ధరకి అమ్మించింది. నెల మధ్యలోనే నేను ఎక్సెల్ తెరిచి, సగం ధర వచ్చినా ఎకరాకి ఎంత మిగులుతుందో లెక్కేశా. మామకి ఫోన్ చేసి, నారుకీ కట్టెలకీ 80 వేలు పంపా.

మండీలో తెల్లారేసరికి ఎటు చూసినా బాక్సులే. వేలంపాట మొదలైంది. మా 60 బాక్సులకి పాట నిమిషంలో అయిపోయింది. 25 కిలోల బాక్సు 200 రూపాయలు!

చీటీ చూశా. మొత్తం 12,000. కమీషన్ 1,200, వ్యాను 1,500, దింపుడు 600. కోత కూలీ ఇంకో 2,800. చేతిలో మిగిలింది 5,900. అంటే కిలోకి నాలుగు రూపాయల లోపే. నారు, ఎరువు, మందుల ఖర్చు ఇంకా తీయనే లేదు.

"రేటు నచ్చకపోతే వెనక్కి తీసుకుపోలేమా మామా?"

"యాడ పెడతావు అల్లుడా? రేపటికి మెత్తబడతాయి."

అప్పుడర్థమైంది. మా ఆఫీసులో అందరూ ఒకేసారి లాగిన్ అయితే సర్వర్ పడిపోతుంది. కాసేపు క్యూలో ఆపుతాం, రీస్టార్ట్ చేస్తాం. పండిన కాయని ఆపే క్యూ లేదు. లారీలు, కొనేవాళ్లు, ఆ పొద్దుటి రెండు మూడు గంటలు, అన్నీ లెక్క ప్రకారమే ఉంటాయి. వచ్చే సరుకుకే లెక్క లేదు.

నా షీట్‌లో ధర ఉంది, దిగుబడి ఉంది. ఆ వారం నాలాగే ఇంకెంతమంది నారు కొన్నారన్న కాలమ్ లేదు. నాటిన రెండు నెలలు దాటాక కోత. కాబట్టి జూలై ధర చూసి నాటినవాళ్లమంతా సెప్టెంబర్‌లో ఒకే గేటు దగ్గర కలిశాం.

"తప్పు నాదే మామా" అన్నాను.

"నీదేం కాదులే. ఆ పొద్దు నీకు తెలిసిందే అందరికీ తెలిసింది."

తిరుగు దారిలో రోడ్డు పక్కన ఒక నర్సరీ దగ్గర ఆగాం. జూలైలో నారు ఎన్ని ట్రేలు పోయిందో ఓనర్‌ని అడిగితే, పుస్తకం తీసి గడగడా చదివాడు. నేను వెతకాల్సిన నంబర్ అదే! మండీ బోర్డు మీద ఇవాళ్టి ధర రాస్తారు. దాని పక్కనే చుట్టుపక్కల నర్సరీల్లో ఈ వారం అమ్ముడుపోయిన నారు లెక్క కూడా రాస్తే, రాబోయే ధర ఎటు పోతుందో రైతుకి రెండు నెలల ముందే కొంత తెలుస్తుంది.

ఇప్పుడు టమోటా ధర పెరిగిందని వాట్సాప్‌లో చూస్తే నేను మామకి ఫోన్ చేయను. ముందు నర్సరీకి చేస్తాను.