ట్రెబుల్

పెదనాన్న టేప్ రికార్డర్‌లో ట్రెబుల్ నాబ్ ఎప్పుడూ కుడివైపు చివరికంటా తిప్పి ఉండేది. వేసవి సెలవులకి గాజువాక వెళ్ళినప్పుడల్లా దాని గురించే మా గొడవ. "చెవుల్లో గుచ్చుకుంటోంది పెదనాన్నా" అని నేను మధ్యకి తిప్పేవాణ్ణి. ఆయన ఏమీ అనకుండా మళ్ళీ కుడికి తిప్పేవారు. కాలేజీకొచ్చి నాలుగు సంగీతం పుస్తకాలు చదివాక నా గొంతు ఇంకాస్త పెరిగింది. "ఇన్నేళ్ళు విన్నావు గానీ నీకు నాదం మీద టేస్ట్ లేదు" అని ఒకసారి మొహం మీదే అనేశాను. నవ్వేసి ఊరుకున్నారు.

ఆయన మెకానికల్ ఇంజనీరు. ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీల్లో ఒకదానిలో మెయింటెనెన్సు, ఎక్కువ కాలం కంప్రెసర్ల దగ్గర. ముప్పయ్యేళ్ళు దాటాక ఫిడేలు నేర్చుకున్నారు. ఏ షిఫ్టు చేసొచ్చినా స్నానం చేసి, గది తలుపు దగ్గరకి వేసి, చాప మీద కూర్చుని సరళీ స్వరాల నుంచి మొదలెట్టేవారు. వర్ణాలు దాటి కొన్ని కీర్తనల దాకా వెళ్ళారంతే. ఎవరి ముందూ వాయించలేదు. "మన ఉద్యోగమూ పక్కవాయిద్యమేరా. సరిగ్గా చేసినన్నాళ్ళూ ఎవరికీ కనబడం" అనేవారు.

ఆయనకి దేవుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఉత్తరాంధ్రలో ఫిడేలు మాటెత్తితే ఆ పేరు రాకుండా ఉండదు గానీ, పెదనాన్న సొంత మనిషి కబురు చెప్పినట్టు చెప్పేవారు. నాయుడు గారు 1893లో బెంగళూరులో పుట్టి విశాఖలో పెరిగారు. చూపు బాగా మందం. అన్నగారి దగ్గరే ఫిడేలు పట్టారు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెడితే, విద్యార్థిగా చేరదామని వెళ్ళిన మనిషిని ఆయన వాయించింది విని ఉపాధ్యాయుడిగా తీసుకున్నారు. అప్పుడు ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ఆ కుర్చీ నాయుడు గారికే వచ్చింది. గాయకుడి పక్కన కూర్చోవాల్సిన వాయిద్యంతో ఒక్కరే కచేరీ నడిపించి, 1941లో సంగీత కళానిధి అయ్యారు. ఇదంతా చెప్పి, చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "ఆయన కమాను చప్పుడు విను. తీగ మీద ఆనే ముందు చిన్న గరగర ఉంటుంది చూడు, అదే ప్రాణం."

నాకు ఆ గరగర పాత రికార్డింగు రొదలా వినబడేది.

కళాభారతిలో కచేరీలకి తీసుకెళ్ళేవారు. గంట ముందే బయల్దేరదీసి, మొదటి వరసలో, ఫిడేలు వైపు కూర్చునేవారు. పెద్దవాళ్ళ మధ్య కనబడాలన్న సరదా అనుకున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి ఆయనకో కానుక ఇద్దామనిపించింది. ఆయన రేడియోలోంచి పట్టుకున్న నాయుడు గారి క్యాసెట్లు రెండు తీసుకెళ్ళి డిజిటల్ చేశాను. నాలుగు రాత్రులు కూర్చుని రొద అంతా తీసేశాను. ఎలాగంటే, 4000 హెర్ట్జ్ పైన ఉన్నది దాదాపు మొత్తం కోసేశాను. స్వరాలన్నీ ఆ కింద ఉండేవే, పైన ఉన్నది చెత్తే కదా అని నా లెక్క. ఫిడేలు మెత్తగా, పట్టులా వచ్చింది. నాకు గర్వంగా కూడా ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి వినిపించాను. పెదనాన్న కొత్త ప్లేయర్లో ట్రెబుల్ చివరికంటా పెంచి, తల వంచి చాలాసేపు విన్నారు. "బాగుంది నాన్నా" అన్నారు. మర్నాడు పొద్దున్న లేచేసరికి పాత క్యాసెట్టే తిరుగుతోంది. చాదస్తం అనుకున్నాను.

పోయినేడాది ఆయన పోయారు. పన్నెండో రోజు అయ్యాక పెద్దమ్మ ఫిడేలు పెట్టె నా చేతిలో పెట్టింది. రోజిన్ బిళ్ళ, తెగిన తీగలు, వాటి కింద నాలుగు మడతల కాగితం. ఆడియోగ్రామ్. తారీఖు చూస్తే 1994. నాకప్పుడు ఆరేళ్ళు. అడ్డంగా 250 నుంచి 8000 దాకా అంకెలు. గీత 2000 వరకూ ఓ మోస్తరుగా నడిచి, 4000 దగ్గర గోతిలో పడిపోయి, 8000 దగ్గర కాస్త పైకి లేచింది. రెండు చెవులకీ అంతే. పెద్ద రొదలో ఏళ్ళ తరబడి పని చేసిన చెవికి మొదట పోయేది అక్కడేనని ఆ రాత్రి ఫోన్‌లో చదువుకున్నాను. స్వరం వినబడుతుంది. స్వరం చుట్టూ ఉండే మెరుపు, కమాను రాపిడి, అవి పోతాయి.

"చెవులకి పెట్టుకునేవి ఇచ్చేవార్రా" అంది పెద్దమ్మ. "అవి పెట్టుకుంటే మిషను ఏటంటోందో తెలీదని తీసీసేవారు. ఇనప కడ్డీ ఒక కొస బేరింగు మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని వినీవారట. ఎందుకొచ్చిన గొడవ అంటే, అపస్వరం ముందే పట్టుకోవాలి కదా అనీవారు."

ఫిడేలు వినే చెవితోనే బేరింగునీ విన్నారన్నమాట. పోగొట్టుకున్నదీ ఆ వినడంలోనే. ఆ నాబ్‌ని కుడికి తిప్పడం, తనలోంచి జారిపోయినదాన్ని రోజూ కొంచెం వెనక్కి లాక్కోవడం. నేనేమో ఆయన తడుముకుంటున్న చోటే కత్తెర పెట్టి కోసి, కానుక అని చేతికిచ్చాను. నాబ్ ఎంత తిప్పినా అందులో పైకి రావడానికి ఏమీ మిగల్లేదు. అది ఆయనకి ఆ క్షణమే తెలిసుంటుంది. అయినా "బాగుంది నాన్నా" అన్నారు.

సంగీతం మీద అడపాదడపా రాస్తుంటాను. రికార్డింగు బాలేదనీ, ఫలానావారి నాదం గరుకనీ తేలిగ్గా రాసేసిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. అవి తప్పని ఇప్పుడూ అనను. కానీ అవతలివాళ్ళ చెవి ఏ దారిన వచ్చిందో తెలీకుండా టేస్ట్ అనే మాట వాడటానికి మాత్రం చెయ్యి ఆడటం లేదు.

మొన్న క్యాసెట్టు మళ్ళీ ఎక్కించాను. ఏదీ తీసెయ్యలేదు. గాజువాక ఇంట్లో, ఆయన గదిలో, ట్రెబుల్ చివరికంటా తిప్పి విన్నాను. చెవుల్లో గుచ్చుకుంటూనే ఉంది. కమాను తీగ మీద ఆనే ముందు చిన్న గరగర. తగ్గించమని పెద్దమ్మ అంటుందేమోనని చూశాను. అనలేదు. వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో కూర్చుంది.