నార, పీచు, తీగ

ఆంగ్లభాషలో ‘స్ట్రింగీ’ యను విశేషణ మొకటి కలదు. ‘స్ట్రింగ్’ అనగా దారము. వీణె తీగకును ఆ పేరే. కావున దారములవంటి పోగులు గల పదార్థము ‘స్ట్రింగీ’ యగును. దీనిని తెనిగింపుమన్నప్పుడు మన విద్యార్థులలో పలువురు ‘దారము వంటిది’ అని వ్రాయుదురు. తప్పు గాదు, కాని వారి తల్లులెవ్వరును వంటయింట అట్లనరు.

మోండా మార్కెట్టునుండి చిక్కుడుకాయలు తెచ్చిన గృహిణి మొదట వాని నార తీయును. బీరకాయ ముదిరినచో పీచు పట్టినదనును. పీచుగల మామిడిపండును రసము పీల్చుటకును, పీచులేని బంగినపల్లిని కోసి తినుటకును ఉంచును. పాకము వ్రేళ్ళ నడుమ సాగినచో తీగపాకమనును. ఇన్నిటికిని ఆంగ్లేయుడు ‘స్ట్రింగీ’ యను నొక్క మాటతో సరిపుచ్చుకొనగలడు. బక్కపలుచనై నరములు తేలిన మనుష్యునిగూడ అట్లే యనును.

అయినను ఆహారవిషయమున ఈ మాట తరచుగా నిందయే. మాంసము ‘స్ట్రింగీ’ యన్నచో నమలుటకు కష్టమని భావము. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హైదరాబాదు హలీమునందు మాంసము మెత్తని పోగులుగా విడివడుటను మెచ్చుకొనవలెనన్నచో ఈ మాట తగదు.

మన ‘నార’కు ఆ నింద లేదు. గోగుమొక్క ఆకు గోంగూర. కాండమును నీట నానవేసి తీసినది గోగునార. భీమునిపట్టణపు రేవు పేర ఆంగ్లేయులు దానిని ‘బిమ్లిపటం జూట్’ అనిరి. పూలు కట్టునది అరటినార. తెలుగు పరిశుద్ధ గ్రంథమున ఫరో యోసేపునకు తొడిగించినవియు నారబట్టలే.

ఒక బాలిక నన్ను, “టీచరుగారూ, పీచు అంటే ఏమండీ?” అని యడిగినది. ఆమెకు ‘స్ట్రింగీ’ తెలియును; అమ్మమ్మ మాట తెలియదు. నాకు చింత కలిగినది. తెలంగాణలో 2018 నాటి చట్టము పాఠశాలలందు తెలుగును నిర్బంధము చేసినది, మేలే. కాని వంటయింటి మాటలను ఏ పరీక్షాపత్రము నడుగును? ఇంట పలుకనిచో అవి రెండు తరములలో నశించును.

కావున విద్యార్థులారా, సెలవులలో అమ్మ ప్రక్క కూర్చుండి చిక్కుడుకాయల నార తీయుడు. చేతికి తగిలిన ప్రతిదాని పేరు నడిగి వ్రాసికొనుడు. అప్పుడు నిఘంటువు చూపు అర్థములలో ఏది యెచ్చట తగునో మీకే తోచును. తలిదండ్రులకు నా మనవి: బిడ్డలడిగినపుడు విసుగుకొనక, తెలుగుననే చెప్పుడు.