నాలుగు తీగల లెక్క

2000 సంవత్సరానికి అటూ ఇటూగా కార్ల డిక్కీల మీద నాలుగు ఇంగ్లిషు అక్షరాలు మెరుస్తూ కనిపించేవి... ఎంపీఎఫ్‌ఐ అని. కార్బురేటర్ పోయింది, పెట్రోలును లెక్కగట్టి ఇంజిన్‌లోకి చిమ్మే పద్ధతి వచ్చింది అనడానికి అది గుర్తు. పొద్దున్నే చోక్ లాగే పని లేదని, చలికాలంలోనూ మొరాయించదని యజమానులు ఇంటికొచ్చిన చుట్టాలకు గొప్పగా చెప్పుకునేవారు. ఆనాటి కార్లకు ఇప్పుడు ఇరవయ్యేళ్లు దాటాయి. చాలావాటిలో ఇంజిన్ ఇంకా గట్టిగానే ఉంది. పేచీ పెట్టేది మాత్రం పొగగొట్టానికి బిగించిన బొటనవేలంత పరికరం. దాని పేరు ఆక్సిజన్ సెన్సర్.

గుడివాడలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరైన ఒకాయన ఇంట్లో అలాంటి కారే ఉంది. 2004లో కొన్నది. 'అమ్మేయండి నాన్నా' అని పిల్లలు ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు. భార్యకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేరు. నెలకోసారి కంకిపాడు మీదుగా విజయవాడ ఆసుపత్రికి వెళ్లాలంటే ఆ కారే దిక్కు. పింఛను డబ్బుతో కొత్తది కొనడం అయ్యే పని కాదు.

2019లో పదిహేనేళ్లు నిండినప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 600 రూపాయల ఫీజు సరిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2024లో రెండోసారి రెన్యువల్‌కు ఆ అయిదు వేలూ పక్కన పెట్టుకున్నారాయన. తీరా చూస్తే కారు పొల్యూషన్ పరీక్ష దగ్గరే తప్పింది. భారత్ స్టేజ్-2 ప్రకారం తయారైన పెట్రోలు కారు ఐడిల్‌లో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. మీటరేమో 1.8 చూపించింది. ఆ సర్టిఫికెట్ లేకపోతే రెన్యువల్ లేదు.

మొదటి మెకానిక్ ఇంజిన్ దించాలన్నాడు. రెండో అతను బానెట్ ఎత్తి, వంగి చూసి, తేలిగ్గా తేల్చేశాడు. ''సెన్సర్ పోయింది మాస్టారూ. వైరు కోసి పడేద్దాం. అది లేకపోయినా బండి నడుస్తుంది.''

నిజమే, నడుస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు. సెన్సర్ నుంచి కబురు అందకపోతే కారులోని కంప్యూటర్... అదే ఈసీయూ... తనలో ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది. ఇంజిన్ ఆగిపోకూడదు కాబట్టి ఆ లెక్క కాస్త ధారాళంగానే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోలు సైలెన్సర్ ముందుండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి కాలుతుంది. ఆ వేడికి కొన్నాళ్లకు కన్వర్టర్ పాడవుతుంది. దాని ధర ముందు సెన్సర్ ధర ఎంత!

అసలు ఆచూకీ తీసింది లెక్చరర్ గారి భార్య. ''ఏమండీ, రైలుగేటు దగ్గర ఆగినప్పుడే ఈ పెట్రోలు కంపు. దారిలో వెళ్తున్నంతసేపూ ఏమీ ఉండదు. మీరు గమనించారా?'' అన్నారావిడ. ఆయన గమనించలేదు. మైలేజీ లెక్కలు రాసుకునే డైరీ తీసి చూస్తే, విజయవాడ వెళ్లొచ్చిన రోజుల్లో లీటరుకు పదహారు, ఊళ్లో తిరిగిన వారాల్లో తొమ్మిది. ఊళ్లో తగ్గడం మామూలే కానీ మరీ అంత తగ్గదు.

అప్పుడు వెలిగింది ఆయనకు. ఈ సెన్సర్ లోపల ఉండేది జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన చిన్న తొడుగు. దాని బయటి వైపు పొగ తగులుతుంది, లోపలి వైపు మామూలు గాలి ఉంటుంది. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఆయన ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన నెర్నెస్ట్ సమీకరణమే అది! దాన్ని కనిపెట్టిన వాల్తర్ నెర్నెస్ట్‌కు 1920 కెమిస్ట్రీ నోబెల్ దక్కింది. జిర్కోనియాతో విద్యుద్దీపం తయారుచేసిందీ ఆయనే. కార్లంటే మోజున్న మనిషి కూడా. కానీ తన సమీకరణం ఒకనాడు కారు పొగగొట్టంలో కూర్చుంటుందని ఊహించి ఉండడు. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సర్ 1976లో అమెరికాకు పంపే వోల్వో కార్లలో మొదటిసారి అమర్చారు.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే పొగలో ఆక్సిజన్ మిగలదు, సెన్సర్ 0.9 వోల్టుల దాకా చూపిస్తుంది. గాలి ఎక్కువైతే 0.1కి దిగుతుంది. ఆ కబురు చూసి ఈసీయూ పెట్రోలు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అయితే జిర్కోనియా 300 డిగ్రీల పైచిలుకు వేడెక్కితేగానీ పనిచేయదు. రోడ్డు మీద పొగ వేడే చాలు. గేటు దగ్గర ఆగితే చాలదు. అందుకే చాలా సెన్సర్ల కడుపులో చిన్న హీటర్ పెడతారు. ఆ హీటర్ కాలిపోతే? రోడ్డు మీద బాగుంటుంది, ఆగితే మూగబోతుంది. పొల్యూషన్ పరీక్షేమో ఆగి ఉన్నప్పుడే చేస్తారు!

అనుమానం సరే, రుజువు కావాలి కదా. ఇంజిన్ బాగా వేడెక్కాక కనెక్టర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి, డిజిటల్ మల్టీమీటర్‌ను వోల్టుల మీద పెట్టారు. మెకానిక్ యాక్సిలరేటర్ తొక్కి 2,500 దగ్గర నిలబెడితే అంకెలు 0.1కీ 0.9కీ మధ్య గంతులేశాయి. కాలు తీసిన కొద్ది నిమిషాలకు బద్ధకించి ఒకచోట ఆగిపోయాయి. ఇంజిన్ ఆపి, చల్లారాక కనెక్టర్ ఊడదీసి, ఒకే రంగులో ఉన్న రెండు తీగల మధ్య ఓమ్‌లు కొలిచారు. బాగున్న హీటరైతే కొన్ని ఓమ్‌లు చూపించాలి. ఇక్కడ మీటర్ కదల్లేదు. హీటర్ తెగిపోయింది. ఫ్యూజు బాగానే ఉంది, కారు వైపు పన్నెండు వోల్టులూ వస్తున్నాయి. సిగ్నల్ తీగ మీద మాత్రం ఓమ్‌ల మీటర్ పెట్టకూడదు. మీటర్ పంపే కరెంటుకే సెన్సర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక కొనడం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక దుకాణంలో ఒంటి తీగ సెన్సర్ చేతిలో పెట్టి, ''మర ఒకటేనండీ, బిగుస్తుంది'' అన్నారు. మర ఒకటే, అందులో అబద్ధం లేదు. చాలా సెన్సర్లకు 18 మిల్లీమీటర్ల మరే ఉంటుంది. కానీ బిగిసినంత మాత్రాన పనిచేస్తుందని కాదు. ఒంటి తీగ దానికి హీటరే ఉండదు. ఇంజిన్‌ను ఆనుకుని, మంటంత వేడి తగిలేచోట ఉండే కార్ల కోసం చేసింది అది. ఈ కారులో సెన్సర్ ఉన్నది గొట్టం కిందివైపు. ఇంకో దుకాణంలో టైటానియా సెన్సర్ చూపించారు. అది వోల్టేజీ పుట్టించదు, తన నిరోధాన్ని మారుస్తుంది. జిర్కోనియాకు అలవాటుపడిన ఈసీయూకు దాని భాష అర్థం కాదు. కొత్త కార్లలో వచ్చే వైడ్‌బ్యాండ్ రకం అసలే పొసగదు. పాత కారు నుంచి ఊడదీసిన సెకండ్‌హ్యాండ్‌ది చవకే కానీ, దాని ఆయుష్షు ఎంత మిగిలిందో ఎవరు చెప్పగలరు?

ఒరిజినల్ పార్టు తెప్పించాలంటే మూడు వారాలు. గడువు పది రోజులే. మిగిలింది నాలుగు తీగల యూనివర్సల్ సెన్సర్. దానికి కనెక్టర్ ఉండదు. పాతదాని కనెక్టర్‌ను తీగలతో సహా కోసి దీనికి కలుపుకోవాలి.

అసలు గండం ఇక్కడుంది. కారులో ఉన్న పాత సెన్సర్ డెన్సో పద్ధతిది... రెండు నల్ల తీగలు హీటరువి, నీలం సిగ్నల్, తెలుపు దాని గ్రౌండ్. కొన్నది బాష్ పద్ధతిది... రెండు తెల్లవి హీటరువి, నలుపు సిగ్నల్, బూడిద రంగు గ్రౌండ్. మెకానిక్ కుర్రాడు అలవాటు చొప్పున నలుపుకి నలుపు పట్టుకున్నాడు. ''ఆగు బాబూ'' అన్నారు లెక్చరర్ గారు. ఒకదానిలో నలుపు పన్నెండు వోల్టుల హీటరు, ఇంకోదానిలో నలుపు ఒక వోల్టు కూడా లేని సిగ్నల్! రంగుకు రంగు కలిపితే కొత్త సెన్సర్ అక్కడికక్కడే పోతుంది. ఖర్మకాలితే ఈసీయూ కూడా. అదే జరిగితే రిపేరు ఖర్చు ఆ కారు విలువతో పోటీపడుతుంది. కాబట్టి రంగు కాదు, పని చూడాలి. ఏ కంపెనీదైనా నాలుగు తీగల సెన్సర్‌లో జంటగా ఒకే రంగులో ఉన్నవి హీటరువే. వాటిలో ఏది ఎటు కలిపినా ఫర్వాలేదు. మిగతా రెంటికీ మాత్రం డబ్బా మీది కాగితం చూడాల్సిందే.

కుర్రాడు సోల్డరింగ్ ఐరన్ తీశాడు. దానికీ ఆయన ఒప్పుకోలేదు. జిర్కోనియా లోపలికి కావాల్సిన బయటి గాలి చాలా సెన్సర్లలో ఆ తీగల పోగుల సందుల్లోంచే వెళ్తుంది. సీసం కరిగించి నింపితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే సెన్సర్‌తో వచ్చిన గొట్టాల్లాంటి జాయింట్లలో తీగ దూర్చి, క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన స్లీవ్ వేడిచేసి బిగించారు. నాలుగు అతుకులూ ఒకచోట పడకుండా తీగల్ని హెచ్చుతగ్గులుగా కోశారు. వేడి గొట్టానికీ, ప్లగ్గుల వైర్లకూ దూరంగా కట్టారు.

బిగించడం పెద్ద పనేం కాదు. ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా 22 నంబర్ పానాతో పాతది విప్పితే వచ్చేసింది. ఒక్క జాగ్రత్త, అక్కడికి సిలికాన్ గమ్ము రానివ్వకూడదు. దాని ఆవిరి సెన్సర్‌కు విషం. ఒకప్పుడు పెట్రోలులోని సీసమూ అంతే. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా సీసం పెట్రోలు ఆగాకే ఈ సెన్సర్లకు మన ఊళ్లలో బతుకు దొరికింది.

రెండు రోజులు తిప్పాక మళ్లీ పరీక్ష చేయిస్తే కార్బన్ మోనాక్సైడ్ 0.3 వచ్చింది. రెన్యువల్ 2029 దాకా అయింది. లెక్చరర్ గారు ఓ అట్టముక్క మీద 'నలుపు-తెలుపు, నలుపు-తెలుపు, నీలం-నలుపు, తెలుపు-బూడిద' అని మార్కర్‌తో రాసి, తేదీ వేసి, బానెట్ లోపల అంటించారు. తర్వాత ఏ మెకానిక్ చేతిలో పడినా తడుముకోకూడదని. మెకానిక్ కుర్రాడు దాన్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుని, ''మాస్టారూ, మూడు తీగలున్నదానికి ఎలాగండీ?'' అనడిగాడు. అందులో జంటగా ఉన్న రెండూ హీటరువే, మూడోది సిగ్నల్, గ్రౌండ్ పొగగొట్టం నుంచే తీసుకుంటుంది, అందుకే మర దగ్గర తుప్పు ఉండకూడదు అని చెబుతూ ఆయన అక్కడే స్టూలు మీద కూర్చున్నారు.